ఆత్మరక్షణకు తుపాకి: తెలంగాణ పల్లెల అనుభవం (1946–51) – నైతిక, ఆచరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రాణానికీ భూమికీ ముప్పు వచ్చినప్పుడు తుపాకి ఎత్తడం న్యాయమా, ఎత్తితే అది నిజంగా కాపాడుతుందా అన్న ప్రశ్నలు తెలుగు నేలపై అతి తీవ్రంగా ఎదురైన కాలం 1946–51. తెలంగాణ సాయుధ పోరాటాన్ని వర్గపోరాటంగా, విమోచనోద్యమంగా, భూపోరాటంగా పరిశీలించిన రచనలు విస్తారంగా ఉన్నాయి. ఆ పోరాటంలో తుపాకి ఆత్మరక్షణ సాధనంగా ఎప్పుడు ప్రవేశించింది, ఎంతవరకు పనిచేసింది, దాన్ని దించవలసిన వేళ ఏది అన్న కోణంలో జరిగిన చర్చ తక్కువ. ఆతతాయి భావన, భారతీయ శిక్షాస్మృతిలోని స్వీయరక్షణ హక్కు అనే రెండు కొలమానాలతో కడవెండి, బైరాన్‌పల్లి ఘటనలనూ, 1948 సెప్టెంబరు తరువాతి వాదవివాదాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రాణరక్షణ, భూరక్షణ అనే రెండు లక్ష్యాలు ఒకే తుపాకిలో కలిసిపోవడమే ఆనాటి నైతిక సమస్యకు మూలమని ప్రతిపాదిస్తుంది. భూమి విలువ పెరిగిన జన్వాడ వంటి నగర పరిసర గ్రామాల్లో ఆ సమస్య నేటికీ సజీవమేనని సూచిస్తుంది.

కీలకపదాలు: ఆత్మరక్షణ, ఆతతాయి, బర్మార్ తుపాకి, గుత్పల సంఘం, బైరాన్‌పల్లి, ఆయుధ చట్టం, జన్వాడ.

1. ఉపోద్ఘాతం:

నిజాం పాలనలో హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న ప్రాంతాన్ని అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాగా వ్యవహరించేవారు. అందులో ప్రధాన భాగం నిజాం సొంత ఆదాయానికి కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ భూములు. నగరానికి పడమట చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో ఉన్న జన్వాడ ఈ నేపథ్యం కలిగిన పల్లెల్లో ఒకటి. మొయినాబాద్ సమీపంలోని పెద్దమంగళారంలో 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి న్యాయవాదిగా, ఆంధ్రమహాసభ నాయకుడిగా, తరువాత కాంగ్రెసు నేతగా సభ, వినతిపత్రం, న్యాయస్థానం అనే మార్గాలను నమ్ముకున్నారు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్రమహాసభకు ఆయనే అధ్యక్షులు.

అదే మహాసభ 1944లో భువనగిరి సమావేశం నాటికి రావి నారాయణరెడ్డి నాయకత్వంలో రైతుకూలీల సంస్థగా మారింది. నగరానికి తూర్పున నల్గొండ, వరంగల్లు జిల్లాల్లో మరో రెండేళ్లకే ప్రజలు ఆయుధాల గురించి ఆలోచించవలసిన స్థితి ఏర్పడింది. ఒకే మహాసభలో నుంచి రెండు మార్గాలు వెలువడటానికి నాయకుల స్వభావభేదం ఒక్కటే కారణం కాదు. ఫిర్యాదు వినే అధికారి అందుబాటులో ఉన్నచోట న్యాయవాది పనికివస్తాడు. ఆ అధికారి దొర గడీలోనే విడిది చేసే చోట బాధితుడికి మిగిలే దారులు తక్కువ. ఆత్మరక్షణ గురించిన ఏ నైతిక చర్చకైనా ఈ వాస్తవమే తొలి మెట్టు.

2. ఆతతాయి భావన – స్వీయరక్షణ హక్కు:

భారతీయ ధర్మశాస్త్ర సంప్రదాయం దాడికి వచ్చినవాడిని ‘ఆతతాయి’ అంటుంది. వసిష్ఠ ధర్మసూత్రం ఆరుగురు ఆతతాయిలను పేర్కొంటుంది: ఇంటికి నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధంతో మీదికి వచ్చేవాడు, ధనాన్ని అపహరించేవాడు, భూమిని అపహరించేవాడు, భార్యను అపహరించేవాడు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఆతతాయిని సంకోచించకుండా చంపవచ్చునని చెబుతుంది. అయితే ఆ అనుమతితో సంశయం తీరలేదు. ఆతతాయిలను చంపినా తమకు పాపమే అంటుతుందని భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు అంటాడు. శాస్త్రం అనుమతించినదాన్ని మనస్సు ప్రశ్నించడం ఈ సంప్రదాయంలోనే ఉన్నదన్నమాట.

1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 96 నుంచి 106 వరకు గల సెక్షన్లలో స్వీయరక్షణ హక్కును నిర్వచించింది. 99వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వాధికారులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. రక్షణకు అవసరమైన మేరకు మించి హాని చేయరాదు. ప్రాణహాని, తీవ్రగాయం, అత్యాచారం, అపహరణ వంటి భయాలు సహేతుకంగా ఉన్నప్పుడు దాడిచేసినవాడి ప్రాణం తీసేవరకు 100వ సెక్షన్ అనుమతిస్తుంది. 102వ సెక్షన్ ప్రకారం ముప్పు ఉందన్న సహేతుకమైన భయంతో ఈ హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతవరకే కొనసాగుతుంది. ఆస్తి విషయంలో 103వ సెక్షన్ హద్దులు మరింత ఇరుకైనవి. దోపిడీ, రాత్రివేళ ఇల్లు పగలగొట్టి చొరబడటం, నివాసానికి నిప్పుపెట్టడం, లేదా ప్రాణభయం కలిగించే రీతిలో జరిగే దొంగతనం, గృహాక్రమణ వంటి సందర్భాల్లో తప్ప ఆస్తి కోసం ప్రాణం తీయడానికి చట్టం ఒప్పుకోదు.

ఈ రెండు కొలమానాల మధ్య ముఖ్యమైన భేదం ఒకటి ఉంది. భూమిని కాజేసేవాడు ధర్మసూత్రం దృష్టిలో ఆయుధధారితో సమానమైన ఆతతాయి. ఆధునిక చట్టం దృష్టిలో భూమిని ఆక్రమించడం నేరమే కానీ, ఆ ఒక్క కారణంతో ఆక్రమించినవాడి ప్రాణం తీయరాదు. నిజాం రాష్ట్రానికి సొంత శిక్షాస్మృతి ఉండేది. భారతీయ శిక్షాస్మృతి అక్కడికి విస్తరించింది 1951లోనే. అందువల్ల ఈ సెక్షన్లను ఆనాటి రైతులపై తీర్పుగా కాక, వారి అనుభవాన్ని విశ్లేషించే కొలబద్దగా మాత్రమే ఇక్కడ స్వీకరించడం జరిగింది.

3. గుత్ప నుంచి తుపాకికి (1946–47):

సంఘం తొలి ఆయుధం కర్ర. సభ్యత్వ చీటీల వల్ల ప్రజలు దాన్ని చీటీ సంఘమనీ, వాలంటీర్ల చేతికర్రల వల్ల గుత్పల సంఘమనీ పిలిచేవారు. పాలకుర్తిలో చిట్యాల (చాకలి) ఐలమ్మ సాగుచేసిన పంటను విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి మనుషులు కోసుకుపోవడానికి వచ్చినప్పుడు సంఘం వాలంటీర్లు గుత్పలతోనే ఎదుర్కొన్నారు. పంట ఐలమ్మ ఇంటికి చేరింది. తుపాకి పేలకుండానే భూరక్షణ సఫలమైన సందర్భమిది. ఎదుటి పక్షం చేతిలోనూ కర్రలే ఉన్నందువల్ల, జనబలం సంఘం వైపు ఉన్నందువల్ల అది సాధ్యమైంది.

1946 జులై 4న కడవెండిలో ఈ సమతుల్యం చెదిరింది. కర్రలు, వడిసెలలతో ఊరేగింపుగా సాగిన జనంపై దేశ్‌ముఖ్ గడీ వైపు నుంచి కాల్పులు జరిగాయి. దొడ్డి కొమరయ్య మరణించాడు. అతని అన్న మల్లయ్య గాయపడ్డాడు. ఆగ్రహించిన జనం గడీని ముట్టడిస్తే పోలీసులు వచ్చి గడీలోని వారికే రక్షణ కల్పించారు. 99వ సెక్షన్ కోరే ‘అధికారులను ఆశ్రయించే అవకాశం’ అన్న షరతు ఇక్కడ అర్థం కోల్పోయింది. కాల్పులు జరిపినవారికి కాపలా కాసే అధికారిని ఆశ్రయించమని బాధితుడికి చెప్పడం న్యాయసమ్మతం కాజాలదు.

అయినా కడవెండి మరునాడే తుపాకులు రాలేదు. ఏడాదికి పైగా ప్రజలు కర్రలు, వడిసెలలు, కారంపొడి, రోకళ్లతోనే దాడులను ఎదుర్కొన్నారు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. లాతూరు న్యాయవాది ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు అప్పటికే పల్లెలపై పడుతున్నారు. ముప్పు ముందు వచ్చి తుపాకి తరువాత వచ్చిన ఈ క్రమం నైతికంగా గమనించదగినది. అహింసను పరమధర్మంగా భావించిన గాంధీజీ సైతం 1920లో ‘యంగ్ ఇండియా’లో రాసిన వ్యాసంలో, పిరికితనం, హింస అనే రెండే మార్గాలు మిగిలినప్పుడు హింసనే ఎంచుకోమని సలహా ఇస్తానన్నారు. 1947 నాటి నల్గొండ రైతు ముందున్న స్థితి దాదాపు అటువంటిదే.

4. బర్మార్ తుపాకి – ఆచరణలోని పరిమితులు:

పల్లెల్లో తొలుత లభించిన తుపాకి బర్మార్. ‘భర్’ అంటే నింపడం, ‘మార్’ అంటే కొట్టడం. నింపి కొట్టే తుపాకి అని పేరులోనే ఉంది. అడవిపందుల నుంచి చేనును కాపాడటానికి, వేటకు వాడే ఆయుధం ఇది. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు లేదా గుడ్డపేలిక కుక్కి, రవ్వలు వేసి, గజంతో దట్టించాలి. ఒకసారి పేలిస్తే మళ్లీ ఇదంతా చేయాలి. ఆరితేరిన చేతికైనా ఆ పని క్షణాల్లో కాదు. వాన పడితే మందు తడుస్తుంది. దూరం పెరిగేకొద్దీ రవ్వలు చెదిరిపోతాయి. ఎదుటి పక్షం వద్ద ఉన్న .303 రైఫిలులో పది తూటాలు పడతాయి. బోల్టు లాగిన కొద్దీ తూటా గొట్టంలోకి వస్తుంది.

ఈ తేడా వల్ల బర్మార్ ఒంటరిగా ఎవరినీ కాపాడలేదు. దాన్ని ఉపయోగించాలంటే దాడి జరగబోతున్నదని ముందే తెలియాలి, చాటు ఉండాలి, మందు దట్టించేలోపు శత్రువును నిలువరించే వడిసెలవాళ్లు పక్కన ఉండాలి. అందుకే ఊరి బురుజు, కాపలా వంతులు, నగారా, కబురు మోసే మనుషులు తుపాకి కన్నా ముందు అవసరమయ్యాయి. రైఫిళ్లు ప్రధానంగా దేశ్‌ముఖుల ఇళ్ల నుంచి, పోలీసుల నుంచి స్వాధీనం చేసుకున్నవి. వాటికి తూటాలు దొరకకపోతే అవి కర్రలతో సమానం. తూటా కోసం మళ్లీ దాడి చేయవలసి వస్తుంది. ఆత్మరక్షణకు చేపట్టిన ఆయుధం ఈ విధంగా తన అవసరం కోసమే దాడిని కోరే స్థితి ఏర్పడటం ఆచరణలో నుంచి పుట్టిన నైతిక చిక్కు. ఇది తుపాకి పట్టినవారి దురుద్దేశం వల్ల కాక ఆయుధ స్వభావం వల్ల వచ్చినది.

పుచ్చలపల్లి సుందరయ్య ఈ పోరాటంపై రాసిన తన గ్రంథంలో ఇచ్చిన లెక్క ప్రకారం గ్రామ దళాల్లో సుమారు 10,000 మంది, గెరిల్లా దళాల్లో సుమారు 2,000 మంది పనిచేశారు. దాదాపు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ అయింది. ఈ అంకెలు పోరాటాన్ని నడిపిన పార్టీ నాయకుడివి కనుక ఆ దృష్టితోనే స్వీకరించాలి. అయినప్పటికీ గ్రామంలోనే ఉండి కాపలా కాసినవారి సంఖ్య సంచార దళాలకు ఐదింతలన్న నిష్పత్తి ముఖ్యమైనది. తుపాకి పట్టినవారి వెనుక తుపాకి లేని కాపలాదారుల వ్యవస్థ ఎంత విస్తృతమో అది సూచిస్తుంది. స్త్రీల భాగస్వామ్యాన్ని కూడా ఈ దృష్టితో చూడవలసి ఉంది. దళ నాయకురాలిగా ప్రసిద్ధురాలైన మల్లు స్వరాజ్యం తన ఆత్మకథకు ‘నా మాటే తుపాకీ తూటా’ అని పేరు పెట్టుకోవడంలో ఆయుధం కన్నా జనాన్ని కూడగట్టిన మాటకు ఆమె ఇచ్చిన స్థానం తెలుస్తుంది.

5. బైరాన్‌పల్లి – రక్షణకు చెల్లించిన మూల్యం:

ప్రస్తుతం సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి గ్రామరక్షణకు ప్రసిద్ధ ఉదాహరణ. గ్రామస్థులు బురుజుపై కాపలా పెట్టుకుని, నాటు తుపాకులు, వడిసెలలతో రజాకార్ల దాడులను ఒకటికి రెండుసార్లు తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఈసారి సైనిక బలగంతో, ఫిరంగులతో వచ్చారు. బురుజు రక్షణ ఛిన్నాభిన్నమైంది. పట్టుబడినవారిని వరుసగా నిలబెట్టి కాల్చారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. మృతుల సంఖ్య వివిధ కథనాల్లో తొంభైకి అటూఇటూ మొదలై వంద దాటి కనిపిస్తుంది. సరిగ్గా 17 రోజుల తరువాత, సెప్టెంబరు 13న, భారత సైన్యం హైదరాబాదు రాష్ట్రంలో ప్రవేశించింది.

ఈ ఘటనను రెండు రకాలుగా చదివే అవకాశం ఉంది. తుపాకి పట్టకపోతే ఊరు దక్కేదన్నది ఒక పఠనం. ఈ వాదంలో లోపం ఉంది. ప్రతిఘటించని గ్రామాలు కూడా దోపిడీకి, హత్యలకు గురయ్యాయి. తొలి దాడుల్లో బైరాన్‌పల్లిని కాపాడింది ఆ బురుజే. అణిగి ఉండటం క్షేమమని చెప్పడానికి ఆనాటి పరిస్థితిలో ఆధారం లేదు. ఎంత మూల్యమైనా ప్రతిఘటనే వీరధర్మమన్నది రెండో పఠనం. ఇందులోనూ ఒక విషయం మరుగున పడుతుంది. ఆ మూల్యం చెల్లించినవారందరూ తుపాకి పట్టాలని నిర్ణయించుకున్నవారు కారు. ఊరంతటి పేరుమీద ఎత్తిన తుపాకికి ప్రతీకారం ఊరంతటి మీద పడుతుంది. పిల్లలు, వృద్ధులు, పొరుగూరి నుంచి తలదాచుకోవడానికి వచ్చినవారు అందులో ఉంటారు.

శిక్షాస్మృతి 106వ సెక్షన్ ఇటువంటి స్థితినే మరోవైపు నుంచి స్పృశిస్తుంది. హత్యాయత్నం చేస్తున్న గుంపుపై కాల్చక తప్పని స్థితిలో, ఆ గుంపులో కలిసిపోయిన పసిపిల్లలకు హాని జరిగినా కాల్చినవాడిది నేరం కాదని ఆ సెక్షన్ కింది ఉదాహరణ చెబుతుంది. చట్టం శిక్షను తొలగించగలదు. పిల్లవాడి మరణాన్ని సమర్థనీయం చేయలేదు. సామూహిక ఆత్మరక్షణలో బాధ్యత రెండు దిశల్లో ఉంటుంది: ఎదుటి గుంపులోని నిర్దోషుల పట్ల, తన వెనుక నిలిచిన నిరాయుధుల పట్ల. బైరాన్‌పల్లి రెండో బాధ్యతను చరిత్ర ముందుంచింది. దాడి చేసినవారి అపరాధం దీనివల్ల అణుమాత్రం తగ్గదు. రక్షణను సంకల్పించేవారు నిరాయుధులను తరలించే దారి, లొంగిపోయే వేళ, బయటి సహాయం వంటివాటిని కూడా ఆయుధంతోపాటు ఆలోచించవలసి ఉంటుందని మాత్రం తేలుతుంది.

6. 1948 సెప్టెంబరు తరువాత – ప్రాణరక్షణ, భూరక్షణ:

నిజాం సైన్యం లొంగిపోయి, రజాకార్ సంస్థ రద్దయి, జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక పాలన మొదలయ్యాక ఆత్మరక్షణ ప్రశ్న స్వరూపమే మారింది. 102వ సెక్షన్ భాషలో చెప్పాలంటే, ఏ భయంతో హక్కు మొదలైందో ఆ భయం ఇంకా ఉందా అన్నది చర్చనీయాంశమైంది. రావి నారాయణరెడ్డి అభిప్రాయంలో రజాకార్ల ముప్పు తొలగింది. ప్రజలు సైన్యాన్ని స్వాగతిస్తున్నారు. కొత్త ప్రభుత్వంపై తుపాకి ఎత్తితే ప్రజలకు నష్టం తప్ప రక్షణ లేదు. సుందరయ్య, దేవులపల్లి వెంకటేశ్వరరావు తదితరుల వాదం వేరు. పారిపోయిన దేశ్‌ముఖులు సైన్యం అండతో తిరిగివస్తున్నారు. పంచిన భూములను లాక్కుంటున్నారు. ఈ స్థితిలో ఆయుధం వదిలితే రైతు మళ్లీ వెట్టిలో పడతాడని వారు భావించారు.

ఈ వివాదాన్ని సాధారణంగా పార్టీ పంథాల భేదంగా వివరిస్తారు. ఆత్మరక్షణ కోణం నుంచి చూస్తే ఇరువురూ రక్షణ గురించే మాట్లాడారు. రక్షించవలసిన వస్తువు మాత్రం వేరు. రావి నారాయణరెడ్డి దృష్టి ప్రాణరక్షణపై ఉంది. రెండో పక్షం దృష్టి భూరక్షణపై ఉంది. వసిష్ఠుడి జాబితా ప్రకారం భూమిని లాక్కునేవాడు ఆతతాయే కనుక రెండో వాదానికి సంప్రదాయంలో బలముంది. రైతుకు భూమి పోవడమంటే ఆకలి, వెట్టి, అవమానం కనుక అనుభవంలోనూ బలముంది. అయితే ఆచరణలో ఈ వాదం దళాలను బర్మార్ తుపాకులతో భారత సైన్యపు బ్రెన్ గన్‌ల ఎదుట నిలబెట్టింది. దళాలు పల్లెలు వదిలి గోదావరి, కృష్ణా అడవులకు చేరవలసి వచ్చింది. తుపాకి అడవికి చేరాక పల్లెలోని భూమికి కాపలా లేకుండా పోయింది. ఏ భూమి కోసం ఆయుధం పట్టారో ఆ భూమికి ఆయుధమే దూరమైంది. దీనికితోడు పోలీసు ఏజెంట్లుగా భావించినవారిని దళాలు శిక్షించిన సందర్భాలను ఆత్మరక్షణ పరిధిలో చేర్చడం కష్టం. విచారణ, తీర్పు, అమలు ఒకే చేతిలో ఉన్నచోట సహేతుకమైన భయానికీ అనుమానానికీ మధ్య గీత చెరిగిపోతుంది.

ఈ మధ్యకాలంలో తుపాకికి వెలుపల మూడు పరిణామాలు జరిగాయి. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం కౌలుదారుకు రక్షణ కల్పించింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట దళితులు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది. తుపాకి కల్పించిన ఒత్తిడి లేకుండా ఈ మూడూ ఇంత త్వరగా జరిగేవని చెప్పలేము. తుపాకి ఒక్కటే వీటిని సాధించి ఉండేదనీ చెప్పలేము. 1951 అక్టోబరు 21న పార్టీ పోరాట విరమణను ప్రకటించింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి భారీ ఆధిక్యంతో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఫిర్యాదు వినే వేదిక ఏర్పడగానే ప్రజలు దాన్ని ఎంచుకున్నారనడానికి ఇది బలమైన సూచన.

7. ఆయుధ చట్టం – నేటి జన్వాడ:

1878 నాటి వలస ఆయుధ చట్టం స్థానంలో 1959లో కొత్త ఆయుధ చట్టం వచ్చింది. 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉండటం నేరం. 13వ సెక్షన్ మాత్రం రక్షణకూ క్రీడకూ నిర్ణీత పొడవు గొట్టం గల నున్నని గొట్టపు తుపాకికి, నిజమైన పంటరక్షణకు మూతి నుంచి నింపే తుపాకికి లైసెన్సు ఇచ్చే విషయంలో ఉదారంగా ఉంది. తెలంగాణ రైతు చేతిలోని బర్మార్‌ను చట్టం పంటకాపలా ఆయుధంగా గుర్తించిందన్నమాట. 2016 నాటి ఆయుధ నియమాలు లైసెన్సుదారుకు భద్రతా శిక్షణను, తుపాకిని భద్రపరిచే బాధ్యతను విధించాయి. 2019 సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత 34–44 సెక్షన్లలో స్వీయరక్షణ హక్కును దాదాపు యథాతథంగా కొనసాగించింది.

జన్వాడ వంటి గ్రామాల్లో నేడు రజాకార్లు లేరు, గడీలు లేవు. జంట జలాశయాల పరిరక్షణకు 1996లో వచ్చిన 111 జీవో, నగర విస్తరణ, ఫాంహౌసులు ఇక్కడి భూమి ప్రశ్నను కొత్త రూపంలో ముందుకు తెచ్చాయి. ఒకప్పుడు జొన్న పండిన చేను నేడు కోట్ల రూపాయల ఆస్తి. ఇటువంటి చోట లైసెన్సు తుపాకి కోరేవాడి మనసులో ఉన్నది ప్రాణభయమా, హద్దురాళ్ల గురించిన భయమా అన్నది నిజాయితీగా అడగవలసిన ప్రశ్న. 2010లో సుప్రీంకోర్టు పంజాబుకు చెందిన ఒక పొలం తగాదా కేసులో, తండ్రిపై మారణాయుధంతో దాడి జరిగినప్పుడు తుపాకి కాల్చిన కుమారుడిని నిర్దోషిగా విడుదల చేసింది. ప్రాణాపాయంలో ఉన్నవాడు తన ప్రతిచర్యను బంగారు త్రాసులో తూచలేడన్న సూత్రాన్ని ఆ సందర్భంలో పునరుద్ఘాటించింది. ఆ తీర్పు పొలం తగాదాలో వచ్చినా రక్షణ పొందింది పొలం కాదు, తండ్రి ప్రాణం. కబ్జాదారుపై తుపాకి ఎత్తేవాడికి ఆ తీర్పు అండ కాదు. అతడికి తహసీల్దారు, సివిలు న్యాయస్థానం, పోలీసు స్టేషను అనే మార్గాలు ఉన్నాయి. అవి పనిచేసేటట్లు చూడటం రాజ్యం బాధ్యత. అవి పనిచేయని మేరకు పాత ప్రశ్న తిరిగి తలెత్తుతూనే ఉంటుంది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

• తెలంగాణ పల్లెల్లో తుపాకి తొలి ఎంపిక కాదు. కర్ర, ఊరేగింపు, ఫిర్యాదు విఫలమైన తరువాత, రాజ్యం దాడిచేసేవారి పక్షం వహించిన తరువాత అది ప్రవేశించింది. 1947–48లో దాని నైతిక ఆధారం బలమైనది.

• బర్మార్ వంటి ఆయుధం సామూహిక కాపలా ఉన్నచోటే పనిచేసింది. సైన్యం, ఫిరంగులు వచ్చినప్పుడు అది గ్రామాన్ని కాపాడలేకపోయింది. ప్రతీకారం నిరాయుధులపై పడింది.

• 1948 సెప్టెంబరు తరువాతి వివాదానికి మూలం ప్రాణరక్షణ, భూరక్షణ అనే రెండు లక్ష్యాలను ఒకే ఆయుధానికి అప్పగించడంలో ఉంది. సంప్రదాయం భూమిని అపహరించేవాడిని ఆతతాయిగా గుర్తించినా, ఆచరణలో భూమిని నిలబెట్టడానికి శాసనం, కౌలు హక్కు, ఓటు కూడా అవసరమయ్యాయి.

• ఆత్మరక్షణలో తుపాకిని ఎత్తే వేళ గురించి ధర్మశాస్త్రం, చట్టం, ఉద్యమ సాహిత్యం విస్తృతంగా చర్చించాయి. దాన్ని దించే వేళ గురించిన చర్చ తక్కువ. 1948–51 మధ్య చెల్లించిన మూల్యంలో అధిక భాగం ఆ నిర్ణయం ఆలస్యమైనందువల్ల కలిగినదే. గ్రామస్థాయి మౌఖిక చరిత్రల ఆధారంగా ఈ అంశంపై మరింత పరిశోధన జరగవలసి ఉంది.